ఉమ్మిలోని వంశప్రతిష్ఠ

ఒక చిన్న గొట్టములో నింత యుమ్మి నింపి, మూత బిగించి, తపాలాలో వేసినచో, కొన్ని వారములలో "నీ పూర్వులలో నూటికి ఇన్ని వంతులు ఈ దేశమువారు, ఇన్ని వంతులు ఆ దేశమువారు" అని రంగురంగుల పటముతో ప్రత్యుత్తరము వచ్చును. ఈ వ్యాపారము అమెరికాలో 2000 సంవత్సర ప్రాంతమున చిన్నగా మొదలైనది. 2007లో ట్వెంటీత్రీ అండ్ మీ యను కంపెనీవారు దాదాపు వేయి డాలర్ల వెలకు పరీక్షపెట్టెల నమ్మజొచ్చిరి. వెల నూఱు డాలర్లకు దిగిన పిదప నిది యింటింటికిని ప్రాకినది. క్రిస్మసు పండుగకు చొక్కాలు, బొమ్మలు ఇచ్చుకొన్నట్లే ఇప్పుడీ పెట్టెలను ఒకరికొకరు కానుకగా నిచ్చుకొనుచున్నారు. ఆన్సెస్ట్రీ యను మఱియొక కంపెనీ యొద్ద పరీక్ష చేయించుకొన్నవారే రెండుకోట్లకు మించియున్నారు.

ఈ పరీక్షలు క్రొత్తగా వచ్చిన దినములలో సంస్కరణాభిమానులగు మా మిత్రులు కొందరు మిక్కిలి యుత్సాహపడిరి. "మనము తరతరములుగా వ్యాసములు వ్రాసి, ఉపన్యాసములిచ్చి సాధింపలేని పనిని ఈ యుమ్మిగొట్టము సాధించును. తెల్లవాడు తనలో నల్లవాని పాలున్నదని కాగితముపై చూచుకొన్ననాడు వర్ణగర్వము చచ్చును. అగ్రహారమువాడు తనకును అడవిలోని చెంచువానికిని ఒకే మూలపురుషుడున్నాడని తెలిసికొన్ననాడు కులగర్వము చచ్చును" అని వారి వాదము. అట్లు జరిగియున్నచో మాకును సంతోషమే. కాని ఫలితము చేతికి వచ్చినవారు ఏమి చేయుచున్నారో కొంతకాలముగా గమనించుచున్న మాకు, మిత్రుల యాశ తలక్రిందైనదని చెప్పక తప్పదు. కాగితమును ప్రతివాడును తన గర్వమునకు తగినట్లు చదివికొనుచున్నాడు.

2013లో ఉత్తర డకోటా రాష్ట్రములోని లీత్ అను కుగ్రామమును తెల్లవారికే ప్రత్యేకమగు స్థలముగ చేయదలచి, అచ్చట ఇండ్లును స్థలములును కొనుచుండిన క్రెయిగ్ కాబ్ అనువాడు, టెలివిజన్ కార్యక్రమ మొకదానిలో తన పరీక్షాఫలితమును అందరి యెదుట వినవలసివచ్చెను. నూటికి 86 వంతులు ఐరోపా, 14 వంతులు సహారా యెడారికి దక్షిణముననున్న ఆఫ్రికా అని చదివిరి. చుట్టునున్నవారు పకపక నవ్విరి. ఆయన తొణకలేదు. అది లెక్కలలో పడిన పొల్లు మాత్రమే యని తేల్చివేసెను. నూటికి పదునాలుగు వంతులు పొల్లట! వడ్లు కొనువాడెవ్వడైన అంత పొల్లున్న బస్తాను ఇంటికి తెచ్చుకొనునా?

ఇది యొక్క మూర్ఖుని కథ యని తోసివేయుటకు వీలులేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన ఆరన్ పనోఫ్‌స్కీ, జోన్ డొనోవన్ అను పండితులు తెల్లజాతి దురభిమానులు తమ ఫలితములను గూర్చి తమలో తాము చెప్పుకొన్న మాటలను ప్రోగుచేసి పరిశీలించి, 2019లో ఆ పరిశోధనను ప్రకటించిరి. ఫలితము అనుకూలమైనవాడు దానిని సంతోషముతో అందరికిని చాటును. ప్రతికూలమైనవానికి తోటివారే ఓదార్పు మాటలు చెప్పుదురు. ఒకడు "అద్దములో చూచుకొమ్ము, తెల్లగా నున్నావా లేదా? అంతకంటె పరీక్ష యేల?" యనును. మఱియొకడు "మీ తాతముత్తాతల పేర్లు నీకు తెలియును, కంపెనీకేమి తెలియును?" అనును. ఇంకొకడు ఆ కంపెనీ యూదులదనియు, తెల్లవారి మనస్సులలో సందేహమును పుట్టించుటకు కావలెననియే కొసరు వంతులు చేర్చుచున్నారనియు కనిపెట్టును. ఇవేవియు చాలనిచో "తెల్లదనము" అను మాట యర్థమునే కొంచెము సడలించి, వచ్చినవానిని గీత లోపలికి తీసికొందురు. ఫలితము చూచి తమ సిద్ధాంతమును విడిచినవారు మాత్రము అరుదు.

చదువరులకు ఈ వాదములు ఎచ్చటనో విన్నట్లుగ తోచుటలేదా? మన గ్రామములలో కులపంచాయతి జరిగినప్పుడెల్ల వినబడునవి ఇవియే గదా. కలిగినవాడు తప్పినప్పుడు ప్రాయశ్చిత్తముండును, లేనివాడు తప్పినప్పుడు వెలి యుండును.

దీనికి సరిగా ఎదురుగ నున్న వేడుక మఱియొకటి కలదు. తన రక్తములో క్రొత్తజాతి యేదైన కనబడవలెనని తహతహపడువారు అమెరికాలో తక్కువగా లేరు. వెండీ రాత్, బియోర్న్ ఇవెమార్క్ అను సామాజిక శాస్త్రజ్ఞులు పరీక్ష చేయించుకొన్న నూర్గురితో సుదీర్ఘముగ మాటలాడి, 2018లో ఒక వ్యాసము ప్రకటించిరి. మనుష్యులు ఫలితములోనుండి తమకు రుచించిన దానినే యేరుకొనుచున్నారనియు, అట్లు క్రొత్త జాతినామమును తగిలించుకొనుటకు నల్లవారికంటె తెల్లవారే యెక్కువ యుబలాటపడుచున్నారనియు వారు తేల్చిరి. ఉండుటకు మేడ యున్నవానికే గుడిసెలో నొక రాత్రి గడపుట సరదాగా నుండును. గుడిసెలో పుట్టినవాడు ఆ సరదాను కోరడు.

శాసనసభ్యురాలగు ఎలిజబెత్ వారెన్ గారు విద్యావతి, సద్భావము గలది. ఆమె సయితము ఈ గోతిలోనే పడినది. తన పూర్వులలో నొకరు అమెరికా యాదిమజాతికి చెందినవారని చిన్ననాటినుండి ఇంటిలో విన్నందున, 2018 అక్టోబరులో ఆమె తన పరీక్షాఫలితమును లోకమునకు ప్రకటించెను. ఆరునుండి పది తరములకు పూర్వము అట్టివారొకరు ఉండవచ్చునని ఫలితము. చెరోకీ జాతివారు దానికి సంతోషింపక, ఇట్టి పరీక్ష తమ జాతీయతను నిర్ణయించుటకు నిరుపయోగమని ఖండించిరి. 2019లో ఆమె వారికి క్షమాపణ చెప్పుకొనెను. ఆ జాతివారి మాటలో మేము పరిపూర్ణమగు న్యాయమును చూచుచున్నాము. భూములు పోగొట్టుకొని, తరిమివేయబడి, దారిలో చచ్చి, మిగిలినవారు తమ చట్టమును, తమ చుట్టరికమును నిలుపుకొన్న సంఘము చెరోకీజాతి. పది తరముల నాటి యొక పితరుని పేరు చెప్పి ఆ కష్టములో వాటా యడుగుట యెట్లు?

ఇంతకును పది తరము లనగానేమో లెక్క వేయుదము. ప్రతివానికి తల్లిదండ్రు లిద్దరు, తాతలు అవ్వలు కలసి నలుగురు, వారి తల్లిదండ్రు లెనమండుగురు. ఇట్లు రెట్టించుకొనుచు పోయినచో పదవ తరమున 1,024 స్థానములుండును. మనలో మేనరికము లెక్కువ గనుక ఒక్కరే రెండు మూడు స్థానములలో నుండవచ్చును, అది వేఱు మాట. వీరిలో చాలమందినుండి మనకు డి.ఎన్.ఏ. తునుక యొక్కటియైనను సంక్రమింపకపోవచ్చునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఇక మన గోత్రప్రవరలు చూడుడు. ముగ్గురో యేవురో ఋషుల పేర్లు చెప్పి "నే నీ వంశమువాడను" అని నమస్కరించుచున్నాము. తండ్రికి తండ్రి, అతని తండ్రి, ఇట్లు పోవు నొక్క గీతయే అది. పదవ తరములో ఆ గీతపై నిలిచినవాడు 1,024 స్థానములలో నొక్కడు. తక్కిన 1,023 లోను 512 స్త్రీలవి. ఆ 512 మందిలో నొక్కతె పేరైనను ఏ ప్రవరలోను మాకు కనబడలేదు.

ఈ లెక్క వివాహము దగ్గరకు వచ్చునప్పటికి హాస్యమునుండి హానిలోనికి దిగుచున్నది. ఇరువది తరములక్రింద నెప్పుడో కలిసినట్లు చెప్పుకొను సగోత్రుని కుమార్తెను చేసికొనుట మహాపాతకము. 1946లోనే చట్టము ఈ యడ్డును తొలగించినను మనస్సులలోనుండి అది తొలగలేదు. అక్క కూతురిని చేసికొనుట మాత్రము శుభప్రదము, ఆస్తి కలిసివచ్చును, పిల్ల కండ్లయెదుట నుండును! అక్క కూతురు గోత్రములో పరాయిది, రక్తములోనన్ననో నూటికి సుమారు 25 వంతులు మేనమామదే. గోత్రమును కనిపెట్టినవారికి ఈ శాస్త్రము తెలియదు గనుక వారిని నిందింపము. తెలిసిన తరువాతకూడ జాతకములు చూచి, జన్యువులు చూడక ముహూర్తము పెట్టుచున్న విద్యావంతులను ఏమనవలెనో చదువరులే చెప్పుదురు గాక.

అమెరికాలోని మనవారు ఈ పరీక్షల నెట్లు గ్రహించుచున్నారో చూపుటకు మా యెఱుకలోని యొక యింటి సంగతి చెప్పెదము. న్యూజెర్సీలో కాపురమున్న యొక మిత్రుని తండ్రిగారు గుంటూరు జిల్లానుండి వచ్చి కొన్ని మాసములు కొడుకింట నుండిరి. ఆయన యేడు తరముల పేర్లు తడువుకొనక చెప్పగలరు. పుట్టినరోజు కానుకగా మనుమరాలు పరీక్షపెట్టె తెచ్చియిచ్చినది. ఫలితపు మొదటి పుటలో నంతయు దక్షిణ భారతమేయని యుండుట చూచి ఆయన "చూచితిరా! నేను చెప్పినదేమి?" అని మురిసిపోయిరి. రెండవ పుటలో చుట్టముల పట్టిక యున్నది. పరీక్ష చేయించుకొన్న యితరులలో ఎవరి రక్తము మన రక్తముతో నెంతవరకు కలియుచున్నదో దానిలో చూపుదురు. తాతగారి తాత నాటి చుట్టరికము గలదని హూస్టనులోని యొక యమ్మాయి పేరు అందులో నుండెను. ఇంటిపేరునుబట్టి విచారింపగా ఆ యమ్మాయివారు ఈయన పూర్వులు గడపలోనికి రానీయని కులమువారని తెలిసినది. పెద్దాయన కళ్ళద్దములు తీసి ప్రక్కన పెట్టి "యంత్రము పొరబడినది" అనిరి. మనుమరాలు "తాతయ్యా, మొదటి పుట వ్రాసినదికూడ ఆ యంత్రమే గదా?" అని యడిగినది. "మొదటి పుటలోనిది నాకు ముందే తెలుసు తల్లీ" అని ఆయన ప్రత్యుత్తరము. క్రెయిగ్ కాబ్‌కు ఈ మాట తోచినదికాదు!

అంతటితో నిలిచినచో నవ్వి యూరకుందుము. నాటి రాత్రి భోజనముల యొద్ద "ఏ కాలములో ఏ యాడుది తప్పినదో" అను మాట వచ్చినది. నూఱేండ్లకు పైబడి బూడిదయైన ఇల్లాండ్ర నందరిని ఒకరి తరువాత నొకరిని నిలువబెట్టి అనుమానించిరి. "ఏ మగవాడు, ఏ పొలము గట్టున, పనికి వచ్చిన ఏ దిక్కులేనిదానిని చెఱచినాడో" అను ప్రశ్న ఆ యింట నొక్కరి నోటనైనను రాలేదు. నాటి పల్లెలలో బలమెవరిదో, మౌన మెవరిదో ఎఱిగినవారికి ఈ రెండవదే మొదట తోచవలసిన ప్రశ్న. ఉమ్మి పరీక్ష క్రొత్తది, తీర్పు మాత్రము పాతది.

ఈ విషయమున మా పాఠకురాండ్రకు ప్రత్యేకముగ మనవి చేయవలసియున్నది. ఈ పరీక్షవలన సవతి తమ్ముడొకడు బయలుపడుట, తండ్రి తండ్రి కాడని తేలుట అమెరికాలో నిత్యమును జరుగుచున్నవి. దత్తు పోయినవారు, అనాథలుగ పెరిగినవారు తమవారిని కనుగొని కన్నీరు పెట్టుకొన్న సందర్భములు అనేకములు గలవు, వారి సంతోషమును మేము తక్కువ చేయము. ఇండియానా రాష్ట్రములో నొక సంతానవైద్యుడు రోగులగు స్త్రీలకు తెలియనీయక తన బీజమునే వాడి పదులకొలది బిడ్డలకు తండ్రియైన దుర్మార్గము ఈ పరీక్షలవలననే వెల్లడియైనది. విచారణాధికారులతో అబద్ధ మాడినందుకు అతడు 2017లో నేరమంగీకరించెను, చెరసాలకు మాత్రము పోలేదు. తప్పు చేసిన మగవాడు కాగితముపై ఇంత స్పష్టముగ పట్టుబడినచోట శిక్ష యింతటిది. ఇక తప్పెవరిదో తెలియనిచోట మన యిండ్లలో శిక్ష యెవరిపై పడునో మేము చెప్పనక్కఱలేదు. కావున ఇంటిలో నెవరైన సరదాకు ఈ పెట్టె తెప్పింపదలచినచో, ముందు ఇంటి పెద్ద స్త్రీలను ఏకాంతమున అడుగవలెను. వద్దన్నచో కారణ మడుగరాదు.

పైగా ఒకరి యుమ్మి ఒకరిదే కాదు, అన్నదమ్ముల సంగతియు, పినతల్లి బిడ్డల సంగతియు దానిలో నుండును. 2018లో కాలిఫోర్నియా పోలీసులు దశాబ్దములుగ దొరకని హంతకుని పట్టుకొన్నది అతని దూరపు చుట్టములు తమంత తాము ఇచ్చిన డి.ఎన్.ఏ. సమాచారము సహాయముననే. హంతకుడు దొరకుట మంచిదే. కాని అదే త్రోవ దొంగలకును తెఱచియున్నది. 2023లో ట్వెంటీత్రీ అండ్ మీ యొద్దనుండి 69 లక్షలమంది సమాచారము దొంగిలింపబడినది. యూదుల పేర్లు, చీనావారి పేర్లు వేఱువేఱు పట్టికలుగ అమ్మకమునకు పెట్టిరి. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా తీసినది. తరువాత 30 కోట్ల 50 లక్షల డాలర్లకు, దాని స్థాపకురాలే యేర్పఱచిన యొక సంస్థ చేతికి పోయినది. అప్పులవాళ్ళు చెంబులు, తపేలాలు వేలము వేయుట చూచితిమి. వంశములు వేలమునకు వచ్చుట మాకిదే మొదటిసారి.

ఇక కాగితములోని వంతులను గూర్చి ఒక్కమాట. గీటురాతిపై బంగారపు వన్నె చూచినట్లు ఇవి చూడబడునవి కావు. కంపెనీవా రొక్కొక్క ప్రాంతమునుండి కొందరి నమూనాలను దగ్గర నుంచుకొని, మన నమూనా దేనికి దగ్గరగా నున్నదో యంచనా వేయుదురు. దగ్గరనున్న నమూనాలు మారినచో అంచనాయు మారును. 2019లో కెనడా ప్రసార సంస్థవారు ఏకరూపులగు కవల సోదరీమణుల యుమ్మిని ఐదు కంపెనీలకు పంపగా, కంపెనీ కంపెనీకి వంతులు వేఱుగ వచ్చుటయేగాక, ఒకే కంపెనీ ఇద్దరికిని వేఱువేఱు వంతు లిచ్చినది. తల్లి గర్భములో నొక్కటిగ నుండినవారికే రెండు దేశపటములు వచ్చినప్పుడు, నూటికి రెండు వంతులకై తలయెగురవేయువారిని చూచి జాలిపడవలెను.

మన దేశమునకు సంబంధించిన గట్టి శాస్త్రము వేఱుగ నున్నది. అందులో పెద్దభాగము మన హైదరాబాదులోనే పుట్టినది. కణ, అణు జీవశాస్త్ర కేంద్రమునకు చెందిన లాల్జీ సింగ్, తంగరాజ్ గారలు అమెరికాలోని డేవిడ్ రైక్ మొదలగువారితో కలిసి 2009లో ప్రకటించిన పరిశోధన, ఇంచుమించుగ మనవారందరును రెండు ప్రాచీన సమూహముల కలయికవలన పుట్టినవారని చూపినది. ఆ కలయిక సుమారు 4,200 ఏండ్లకును 1,900 ఏండ్లకును నడుమ జరిగినదని 2013 నాటి పరిశోధన తేల్చినది. అప్పుడు అందరును అందరితో కలిసిరి. పిదప తలుపులు మూసికొనిరి. 2003లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, ఆర్యవంశచిహ్న మని కొందరు మీసము దువ్వుకొను ఆర్1ఏ యను పితృరేఖ నల్లమల చెంచువారి మగవారిలో సుమారు నాలుగవ వంతు మందిలో కనబడినది. ఆ గుర్తుకై మీసము దువ్వువారు చెంచుగూడెములోని వానిని "అన్నా" యని పిలువవలసియుండును. పిలిచినవారిని మేమింకను చూడలేదు.

తలుపులు మూసికొన్న ఫలమేమి? 2017లో 263 సమూహములను పరిశీలింపగా, 81 సమూహములలో మూలపురుషుల సంఖ్య యొకప్పుడు మిక్కిలి కొద్దియై, తరువాత వారిలో వారే వివాహమాడుటవలన పుట్టిన యిఱుకు, ఫిన్లండు వారిలోకంటెను, యూదులలోకంటెను ఎక్కువగ కనబడినది. అట్టి సమూహములలో అరుదుగ నుండవలసిన వ్యాధిబీజములు తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి వచ్చి బిడ్డలో జతగూడును. తెలుగుదేశపు వైశ్యులను గూర్చి శాస్త్రజ్ఞులు తఱచుగ చెప్పు నుదాహరణ మొకటి గలదు. శస్త్రచికిత్సకు ముందు కండరములను సడలించుట కిచ్చు సక్సినైల్‌కోలీన్ అను మందు సామాన్యులలో కొన్ని నిమిషములలో విరుగును. దానిని విఱిచెడు పదార్థము కొఱవడినవారిలో గంటలకొలది శ్వాస యాడదు. ఈ కొఱత ఆ కులములో నెక్కువగ నుండుట చూచి వైద్యులు ముందుగనే విచారించుచున్నారు. ఇందులో ఆ కులమువారి దోష మేమియులేదు. ఏ కులపు గోడలోపల నేమి దాగియున్నదో పరీక్షించినకొలది తెలియుచుండును, అంతే.

ఈ సంగతి ప్రకటింపబడినప్పుడు మనవారిలో కొందరి స్పందన యేమో చదువరు లూహింపగలరా? "చూచితిరా, మా కులము రెండువేల యేండ్లుగ ఎవరితోను కలియలేదని శాస్త్రమే చెప్పినది" అని! బిడ్డ శ్వాసకు ముప్పు తెచ్చిన గోడను చూపి, గోడ యెంత పాతదో చూడుమని గర్వించుటకంటె మించిన మూఢత్వము మాకు తెలియదు. మాసమునకొక సహస్ర నామము చదివి, కుమారునకు సంబంధము చూచునప్పుడు మాత్రము కులము, శాఖ, ఉపశాఖ యని మూడు తాళములు వేయుచున్నవారికి, ఉమ్మిగొట్టము నాల్గవ తాళముగ నుపయోగపడుచున్నది.

1881 డిసెంబరు 11వ తేదీ రాత్రి రాజమహేంద్రవరములో వీరేశలింగముగారు తొలి వితంతు వివాహమును జరిపించినప్పుడు ఎవరి రక్తమును ఎవరును పరీక్షింపలేదు. ఒక పిల్ల బ్రతుకు, ఒక యువకుని ధైర్యము, వీధిలో పోలీసు కాపలా, ఇంతే కావలసివచ్చినది. మా మిత్రులు యంత్రము వచ్చి చేయునని వేచియున్న పని ఆ విధముగ మాత్రమే జరుగును.

2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరసభవారు కులభేదమును నిషేధించుచు శాసనము చేసినప్పుడు, "మేము కులమును ఓడలో తేలేదు, ఇచ్చట అది లేనే లేదు" అని వాదించినవారిలో మనవారును గలరు. వారి మాట నమ్ముటకు మే మొక్క సాక్ష్యము కోరుచున్నాము. అమెరికాలోని తెలుగువారి వివాహ ప్రకటనలలో, పరీక్ష చేయించుకొని తన రక్తము పలువురిదని తెలిసికొన్న యింటివారు, కులము వ్రాయక, కులము అడుగక, వధూవరుల విద్య, ఆరోగ్యము, అభిరుచి మాత్రమే వ్రాసిన ప్రకటన నొకదానిని మా మిత్రులెవ్వరైన కత్తిరించి మాకు పంపుదురేని, దానిని వచ్చు సంచికలో మొదటి పుటలో ముద్రించి, పైన వ్రాసినదంతయు వెనుకకు తీసికొందుము.